వెనుక వరుసలో కూర్చున్న బిడ్డ

విజయవాడ రహదారి మీద ఎల్.బి. నగర్ దాటి, హయత్‌నగర్ దాటి, అవుటర్ రింగ్ రోడ్డు అడ్డు వచ్చే చోట పెద్ద అంబర్‌పేట్ ఉంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుండి పట్నానికి వచ్చే మా పాఠకులు బస్సు కిటికీలో నుండి ఈ ఊరిని ఎన్నోసార్లు చూచే ఉంటారు. ఒకప్పుడు ఇది పొలాల మధ్యనున్న పల్లె. ఇప్పుడు ఎటు చూచినా గోదాములు, వెంచర్ల బోర్డులు, సగం లేచిన ఇండ్లు. ఆ ఇండ్లు కట్టేవారు, వాటికి ఇటుక కాల్చేవారు, గోదాముల్లో మూటలెత్తేవారు ఎక్కడెక్కడి నుండో వచ్చినవారే. వారితో వారి బిడ్డలు కూడా వచ్చారు.

గత చలికాలంలో మేము ఆ దారినున్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాము. మూడవ తరగతిలో లెక్కల పాఠం జరుగుతున్నది. టీచరు గారు అంకెలు చెబుతున్నారు, పిల్లలు పలకల మీద వ్రాస్తున్నారు. ఇరవై మూడు. నలభై ఒకటి. యాభై ఏడు. అందరి పలకలూ చూచుకుంటూ వచ్చి, వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పిల్లవాని దగ్గర ఆమె ఆగారు. అతని పలక మీద 32, 14, 75 అని ఉన్నవి. "చూడండి, నెల రోజుల నుండి ఇదే వరస. పాపం, వీడికి లెక్కలు ఎక్కవండీ" అన్నారామె. కోపంతో అన్న మాట కాదది. నలభై మంది పిల్లల మధ్య అలసిపోయిన మనిషి అన్న మాట.

ఆ రోజు మాతో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన చాలా ఏండ్లు ఒడిశాలోని జయపురం వైపు ఉద్యోగం చేసి వచ్చినవారు. ఆ పిల్లవాని తల్లిదండ్రులు బొలంగీరు జిల్లా నుండి ఇటుక బట్టీకి వచ్చారని తెలిసి, ఆయన ప్రక్కన చతికిలబడి ఒడియాలో పలకరించారు. పిల్లవాడు మొదట బిత్తరపోయి చూచాడు. తరువాత ఒక్కసారిగా మాటలు వచ్చినవి. ఆయన అవే అంకెలు మళ్ళీ చెప్పారు. తేఇశి. ఏకచాళిశి. సతాబన. పిల్లవాడు తడుముకోకుండా 23, 41, 57 అని వ్రాశాడు.

ఇందులో చిత్రమేమీ లేదు. తెలుగులో మనం పదులు ముందు చెప్పి ఒకట్లు తరువాత చెబుతాము. "ఇరవై" ముందు, "మూడు" వెనుక. ఒడియాలో, హిందీలో, ఉర్దూలో ఒకట్లే ముందు వస్తాయి. "తే" అంటే మూడు, "ఇశి" అంటే ఇరవై. కనుక ముందు వినబడిన అంకెను కుడివైపు, తరువాత వినబడినదానిని ఎడమవైపు వ్రాయడం ఆ బిడ్డకు తన ఇంట, తన ఊరి బడిలో అలవాటైన సంగతి. టీచరు గారు "ఇరవై మూడు" అనగానే అతడు తనకు తెలిసిన పద్ధతి ప్రకారం రెండును ఒకట్ల స్థానంలో, మూడును పదుల స్థానంలో పెట్టాడు. అంటే లెక్క తెలియక తప్పు వ్రాయలేదు. లెక్క తెలిసే తప్పు వ్రాశాడు. జర్మన్ భాషలో కూడా ఒకట్లే ముందు చెబుతారు. అక్కడి పిల్లలు సైతం చిన్న తరగతుల్లో ఇలాగే తారుమారు చేస్తుంటారు. వారిని ఎవరూ మొద్దులనరు.

టీచరు గారు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇన్నాళ్ళు వీడికి రానిది లెక్కలనుకున్నానండీ" అని మాత్రం అన్నారు.

బడి వేళలు, బట్టీ వేళలు

బొలంగీరు, నువాపడా, కలహండి జిల్లాల నుండి మన ప్రాంతానికి ఇటుక బట్టీల పనికి కుటుంబాలు రావడం ఏండ్ల తరబడి జరుగుతున్నదే. అక్కడ వర్షాధారపు వ్యవసాయం. కొత్త పంట పండుగ నువాఖాయి అయిన తరువాత మేస్త్రీలు బయానా డబ్బు ఇస్తారు. కాంటాబాంజి స్టేషనులో రైలెక్కుతారు. భార్య, భర్త, ఒక బిడ్డ కలిసి ఒక జట్టుగా లెక్క. బయానా ఆ జట్టుకే. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. కార్తీకం అటూ ఇటుగా వచ్చి, మళ్ళీ తొలకరికి ముందు వెళ్ళిపోతారు.

మన బడులేమో జూన్‌లో తెరుస్తారు, ఏప్రిల్‌లో మూస్తారు. ఆ బిడ్డ వచ్చేసరికి సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. తిరిగి తన ఊరు చేరేసరికి అక్కడ కూడా ఒక సంవత్సరం అయిపోయి ఉంటుంది. రెండు రాష్ట్రాల హాజరు పట్టీలలో పేరుండి, రెండింటిలోనూ చదువు లేని బిడ్డ అతడు. అటువంటి బిడ్డకు తరగతి గదిలో ఒక్క మాట కూడా అర్థం కాకపోతే ఏమవుతుంది? పదిహేను రోజులు వస్తాడు. ఇరవై రోజులు వస్తాడు. ఒకనాడు తల్లి, "చెల్లెలిని చూసుకో, నీ బడి వల్ల ఏమొచ్చింది" అంటుంది. ఆ మరునాటి నుండి పచ్చి ఇటుకలు తిప్పుతుంటాడు. మనం భాష, సంస్కృతి అనే పెద్ద మాటలతో మాట్లాడే విషయం ఆ కుటుంబంలో బిడ్డ బడిలో ఉంటాడా, బట్టీలో ఉంటాడా అన్నంతవరకు వస్తుంది.

చట్టం ఆ బిడ్డ పక్షానే ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేదని గాని, టి.సి. లేదని గాని, సంవత్సరం మధ్యలో వచ్చాడని గాని ఆరు నుండి పద్నాలుగేండ్ల లోపు బిడ్డను చేర్చుకోకుండా తిప్పి పంపరాదు. వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినదానిని ప్రత్యేక శిక్షణతో పూరించవలెను. వీలైనంతవరకు బిడ్డ మాతృభాషలో బోధించవలెనని కూడా అదే చట్టంలో ఉన్నది. ఇంకా వెనుకకు వెళితే, 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో సొంత భాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాష్ట్రాలను కోరుతున్నది. మా పాఠకులలో ఎవరి ఊరి బడిలోనైనా ఇటువంటి బిడ్డను కాగితాల పేరుతో త్రిప్పి పంపితే ఈ మాట గుర్తు చేయవచ్చును.

ప్రయత్నాలు జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీల వద్ద సర్వశిక్షా అభియాన్ కింద పనిస్థలపు బడులు నడిచాయి. ఒడిశా నుండి ఒడియా పాఠ్యపుస్తకాలు తెప్పించారు. ఒడియా తెలిసినవారిని బోధకులుగా పెట్టారు. బట్టీ ప్రక్కన రేకుల షెడ్డులో తమ లిపి కనబడగానే ఆ బిడ్డల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించవచ్చు. ఒడిశా ప్రభుత్వం కూడా వలస జిల్లాల్లో ఋతుకాల వసతిగృహాలు తెరిచి, తల్లిదండ్రులు వలస వెళ్ళినా బిడ్డలు ఊరిలోనే ఉండి చదువుకొనే ఏర్పాటు చేసింది. ఇదే రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి ఎం.వి. ఫౌండేషన్ వారు పనిలో ఉన్న పిల్లలను శిబిరాలలో ఉంచి, చదువు పట్టించి, మామూలు బడులలో చేర్చే పని చేశారు. దానికి నాయకత్వం వహించిన శాంతాసిన్హా గారికి 2003లో మెగసెసే బహుమతి వచ్చింది. అయితే బట్టీ వద్ద బడి పెడితే బిడ్డ ఎప్పటికీ బట్టీ వద్దనే ఉండిపోతాడన్న వాదన ఒకటి, బట్టీకి దూరంగా బడి ఉంటే ఆ బిడ్డ అసలు రాడన్న వాదన ఒకటి. రెండూ నిజమే. మాకు తోచినదేమంటే, ఊరి బడిలోనే ఆ బిడ్డకు చోటుండాలి. ఆ చోట అతని నోరు పెగలాలి.

మన తాతల సంగతి

ఈ వ్యాసం వ్రాయబోయేముందు మేము హయత్‌నగర్ ప్రాంతపు వృద్ధులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడాము. వారిలో ఒకరు ఇప్పటికీ సంతకం ఉర్దూలోనే చేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. "అలిఫ్, బే చెప్పేటప్పుడు ఏమీ తెల్వకపోయేది. ఎవడన్న ముందటోడు అంటె మేము గూడ అంటుంటిమి" అన్నారాయన.

నిజాం రాజ్యంలో 1884లో ఫారసీకి బదులు ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే. తెలుగు బిడ్డ పై చదువు చదవాలంటే తన భాషను గుమ్మం బయట విడిచి లోపలికి పోవలసి వచ్చేది. చదువుకున్నవారి మధ్య కూడా తెలుగుకు గౌరవం లేని రోజులవి. 1921 నవంబరులో హైదరాబాదులో వివేకవర్ధని పాఠశాలలో సంఘసంస్కార సభ జరిగినప్పుడు అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది, దాని నుండి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ. అంతకంటె ముందే, 1910లో, భాగ్యరెడ్డివర్మ గారు ఇసామియా బజారులో, లింగంపల్లిలో దళిత బిడ్డల కోసం బడులు తెరిచారు. ఆ బిడ్డలకు భాష ఒక్కటే అడ్డు కాదు. బడి గడపే అడ్డు.

ఇంకొక సంగతి. పాలమూరు నుండి మేస్త్రీ పనికి, మట్టి పనికి మన వాళ్ళు బొంబాయి వెళ్ళారు. మా పాఠకుల కుటుంబాలలో కూడా అలా వెళ్ళినవారు ఉంటారు. ఆ మహానగరంలో నగరపాలక సంస్థ దశాబ్దాల తరబడి ఎనిమిది భాషలలో బడులు నడిపింది. మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, గుజరాతీ, తమిళం, కన్నడం, వాటితోపాటు తెలుగు. అంటే మరాఠీ వారి పట్నంలో మన కూలివారి బిడ్డ తెలుగులో అ ఆలు దిద్దుకొన్నాడు. మన పట్నానికి వచ్చిన ఒడియా కూలివాని బిడ్డకు మనమేమి చేశామని అడిగితే మేము తలవంచుకొనవలసి వస్తుంది.

అంత దూరం ఎందుకు? తెలుగు బిడ్డకు తెలుగు బడిలోనే జరిగిన అవమానం కూడా ఉంది. మా చిన్నప్పుడు "పొద్దుగాల" అని వ్రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి "ఉదయం" అని వ్రాసేవారు. "జరమొచ్చింది సార్" అంటే తరగతి నవ్వేది. మన అమ్మ మాట తప్పు అని ఆరేండ్ల వయస్సులో తెలుసుకొన్నవాడు చాలాకాలం దాకా నోరు విప్పడు. ఇప్పుడు కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. జరుపుకోవలసిందే. అయితే ఆ ఉత్సవంలో పద్యం చదివే పిల్లవాడే ప్రక్కనున్న లంబాడీ బిడ్డ మాటకు నవ్వితే ఏమి లాభం?

చెవి పోగొట్టుకొన్న పంతులుగారు

బోధించేవాడు ముందు నేర్చుకోవాలని మన తెలుగువారిలో ఒకరు వందేండ్లకు పైబడిన క్రిందటే చేసి చూపించారు. ఆయన గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863 ఆగస్టు 29న పుట్టినవారు. వ్యావహారిక భాష కోసం పోరాడినవారిగా ఆయనను అందరం ఎరుగుదుము, ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో చుట్టుప్రక్కల కొండల నుండి సవరలు సంతకు వచ్చేవారు. వారి భాషలో పుస్తకం లేదు, దానిని చదువుగా ఎంచినవారు లేరు. పంతులుగారు తెలుగు, సవర రెండూ తెలిసిన మనిషిని ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది.

ఆ కొండల్లో తిరుగుతుండగా ఆయనకు మలేరియా సోకింది. క్వినైను ఎక్కువగా వాడవలసి వచ్చి వినికిడి పోయింది. ఎవరూ వినని భాషను వినడానికి వెళ్ళిన మనిషి తన చెవులు పోగొట్టుకొని వచ్చారు. అయినా ఆ పని విడువలేదు.

ఆయన చేసినది ప్రభుత్వం చేయడానికి చాలాకాలం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య మొదలుపెట్టింది. కోయ, గోండి, కొలామి, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా. భాషకు 30 బడుల చొప్పున మొత్తం 240 బడులు. అక్షరాలు తెలుగువే, మాట మాత్రం బిడ్డదే. ఒకటవ తరగతిలో ఇంటి భాషతో మొదలై, తెలుగు కొద్దికొద్దిగా వచ్చి కలుస్తుంది. వాగుకు ఒక ఒడ్డున నిలబడి "ఇటు దూకు" అని అరవడం కాక, నడుమ రాళ్ళు వేసి నడిపించినట్టన్న మాట. ఆ పుస్తకాల్లో వారి పండుగలు, వారి చెట్లు, వారి వంటలు ఉన్నవి.

కాని ఆ భాష తెలిసిన టీచరు దొరకడం, దొరికినవారు బదిలీ కాకుండా ఉండడం కష్టం. అంతకంటె పెద్ద చిక్కు తల్లిదండ్రుల నుండి వచ్చింది. "మా భాష మాకు ఇంట్లో వస్తుంది గదా, బడిలో ఇంగ్లీషు చెప్పండి" అన్నారు చాలామంది. ఈ మాటను త్రోసివేయడం తగదు. మేము కూడా మా పిల్లలను ఇంగ్లీషు బడికే పంపాము. తనకు దొరకనిది బిడ్డకు దొరకాలని కూలివాడు కోరితే తప్పెన్నడానికి మేమెవరము? తెలంగాణలో 2022-23 నుండి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు పుస్తకాలను ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగుతో అచ్చువేశారు. అది మంచి ఉపాయమని మా అభిప్రాయం. అర్థం కానప్పుడు కన్ను ప్రక్క పేజీకి పోతుంది. అయితే పెద్ద అంబర్‌పేట్ బడిలో గోడకు ఆనుకొని కూర్చున్న బిడ్డకు ఆ రెండు పేజీలూ పరాయివే.

అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే బెంచీ ఇచ్చాము గదా, ఇక తేడా ఎక్కడిది అని కొందరు అడుగుతారు. సరిగ్గా ఈ ప్రశ్నే అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణంలో ఇంగ్లీషు రాని చైనా బిడ్డలు సుమారు 1,800 మంది ఏ ప్రత్యేక సహాయమూ లేకుండా తరగతుల్లో కూర్చొని ఉన్నారు. 1974 జనవరిలో కోర్టు ఆ బిడ్డల పక్షాన తీర్పు చెప్పింది. భాష అర్థం కానివానికి ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూచినట్టు కాదని దాని సారాంశం.

కనబడని అడ్డులు

భాష ఒక్కటే గాక ఇంకా అడ్డులున్నవి. అదే తరగతిలో ఒక పాప పిలిస్తే పలకదు. మొండి అని పేరు. వెనుక నుండి పిలిస్తే తిరుగదు, ఎదుట నిలబడి పిలిస్తే వస్తుంది. మేము చూచినదంతా ఇంతే. వైద్యులు చూడవలసిన సంగతి అని టీచరు గారితో అన్నాము. చెవిలో చీము కారే బిడ్డలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. "చిన్నప్పుడు అందరికీ కారుతుంది" అని ఊరుకుంటాము. సగం వినబడే బిడ్డ సగం పాఠమే నేర్చుకొంటుంది. నల్లబల్ల మీది అక్షరాలు కనబడక ప్రక్కవాని పలక చూచి వ్రాసే బిడ్డకు దొంగ అని పేరు వస్తుంది. ముందు వరుసలో కూర్చోబెట్టడానికి డబ్బు ఖర్చు లేదు.

తూర్పు హైదరాబాదులో ఉన్నవారికి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ పేరు తెలిసే ఉంటుంది. బుద్ధి ఎదుగుదలలో వెనుకబడిన బిడ్డల కోసం పనిచేసే సంస్థ అది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ కూడా ఇటువంటి బిడ్డల కొరకే. పల్లెటూరి పాఠకులకు ఇంకా దగ్గరగా, అనేక మండలాలలో ప్రభుత్వపు భవిత కేంద్రాలున్నవి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన బోధకులుంటారు, కాళ్ళు చేతులు పట్టు తప్పిన బిడ్డలకు వ్యాయామ చికిత్స చేయిస్తారు, కదలలేని బిడ్డ ఉంటే ఇంటికి వచ్చి చెబుతారు. మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే చెబుతారు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా, 2016 చట్టంలో ఇరవై ఒకటి చేర్చారు. నిర్ణీత శాతం వైకల్యమున్న బిడ్డకు ఆరు నుండి పద్దెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. బిడ్డను ఇంట్లో దాచిపెట్టడం మన కుటుంబాల్లో ఇంకా పోలేదు. అన్న పెండ్లి సంబంధం చెడుతుందని చెల్లెలిని బడికి పంపని ఇల్లు మేము చూచాము. అది మన సంఘంలోని ఇల్లే.

భోజనపు వరుస సంగతి మా పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారు అన్నది పాఠ్యపుస్తకంలో లేని పాఠం. 2004లో సుప్రీంకోర్టు బడి భోజనం వండడానికి షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రాధాన్యమివ్వవలెనని ఆదేశించింది. ఆ వంట తినమని పిల్లలను లేపుకొనిపోయిన తల్లిదండ్రులూ ఈ దేశంలో ఉన్నారు. ఒక బడిలో అందరూ కలిసి తింటున్నారా లేదా చూస్తే ఆ బడి తరగతి గది ఎలా ఉంటుందో లోపలికి వెళ్ళకుండానే చెప్పవచ్చును.

మన ఆదివారపు బడి మాట కూడా అనుకొందాము. కంఠస్థం చేసిన బిడ్డకు బహుమతి, చేయలేని బిడ్డకు చప్పట్లు కొట్టే పని. అక్షరం రాని బిడ్డ పాట పాడగలడు, బొమ్మ గీయగలడు, కథలో గొర్రెపిల్లగా నిలబడగలడు. చదువురాని మన ముత్తవ్వలకు విశ్వాసం పాటలలోనే అందింది గదా.

ఏప్రిల్ నెల

బడి మూసే వారంలో మేము పెద్ద అంబర్‌పేట్‌కు మళ్ళీ వెళ్ళాము. తరగతి గదిలో ఏదో గొప్ప మార్పు చూడబోతున్నామని వెళ్ళలేదు, చూడలేదు కూడా. నలభై మందికి ఒక్క టీచరే. ఫ్యాను అలాగే ఆగి ఉంది. కాని గోడ మీద ఒక అట్ట వ్రేలాడుతున్నది. ఒకటి నుండి పది వరకు అంకెలు, వాటి ఎదుట తెలుగులో, ఒడియాలో, లంబాడీలో, ఉర్దూలో వాటి పేర్లు, అన్నీ తెలుగు అక్షరాలలోనే. "పిల్లలే చెప్పారు, నేను వ్రాశాను" అన్నారు టీచరు గారు.

ఆ అట్ట వ్రాస్తుండగా ఒక సంగతి బయటపడిందట. తరగతిలో దేవరకొండ వైపు తండా నుండి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. తండ్రి ఎల్.బి. నగర్ వైపు సెంట్రింగు పనికి పోతాడు. లంబాడీ మాట వస్తే నవ్వుతారని ఆ పిల్ల నోరే విప్పేది కాదు. లంబాడీలో ఏక్, దీ, తీన్, చార్, పాంచ్. ఒడియాలో ఏక, దుయి, తిని, చారి, పాంచ. నీళ్ళను ఇద్దరూ పాణి అనే అంటారు. తరగతిలో ఒడియా పిల్లవాని మాట సగమైనా పట్టుకోగలిగినది ఆ పిల్ల ఒక్కతే. అప్పటి నుండి టీచరు గారు ఏదైనా చెప్పి, వెనుక వరుస వైపు చూచి, "వాడికి చెప్పమ్మా" అనేవారట. ఇప్పుడు ఆ పిల్ల బాగా మాట్లాడుతున్నది. కొంచెం ఎక్కువే మాట్లాడుతున్నదని టీచరు గారి ఫిర్యాదు.

ఆ పిల్లవాని తల్లి ఆ రోజు బడికి వచ్చింది. బట్టీలో ఇంకా పది పదిహేను రోజుల పని ఉందట, తరువాత రైలు. టీచరు గారు ఒక తెల్లకాగితం మీద పిల్లవాని పేరు, తరగతి, హాజరైన రోజులు వ్రాసి, క్రింద ఇలా చేర్చారు: కూడికలు, తీసివేతలు వచ్చును. తెలుగు చదవడం మొదలుపెట్టినాడు. అంకెలు ఒడియాలో చెప్పి వ్రాయించవలెను. మాతో వచ్చిన పెద్దాయన అదంతా ఒడియాలో కూడా వ్రాసి ఇచ్చారు. ప్రధానోపాధ్యాయులు ముద్ర వేశారు. తల్లి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆధారు కార్డులున్న ప్లాస్టిక్ సంచిలో దోపుకొంది.

వచ్చే కార్తీకానికి మళ్ళీ వస్తారా అని పెద్దాయన అడిగారు. మేస్త్రీ ఎటు పంపితే అటు, అన్నదామె. తమిళనాడు కావచ్చు, ఇక్కడికే కావచ్చు.

టీచరు గారు హాజరు పట్టీ మూస్తుంటే చూచాము. అతని పేరును ఆమె కొట్టివేయలేదు.